టీ తాగాకే తుపాకీ

టెక్కలిలో చీరల కొట్లు ఎన్ని ఉన్నాయో చెప్పడం కష్టం గానీ, తుపాకుల కొట్టు మాత్రం ఒక్కటే. ఆ ఒక్కదాని యజమానే తన మొగుడు కావడం, పెళ్లయి వేసవి గడిచిపోయినా, ప్రమోదినికి ఇంకా తమాషాగానే ఉంది. రావివలసలో ఆమె నేస్తాలు "ఎమ్మెస్సీ సదివి తుపాకులోడిని కట్టుకున్నావేటే, రేపు మొగుడూ పెళ్లాలు తగువాడుకుంటే ఎలగే" అని ఆటపట్టించారు.

తగువులాడే తీరికేదీ? పొద్దున్నే వంట ముగించి, హేమంత్ బండి వెనక కూర్చుని కొట్టుకు రావడమే ఆమెకు పండగ. ఒకటే గది. ముందు ఇనప గ్రిల్లు, వెనక గోడకు బిగించిన బీరువా, మధ్యలో బల్ల. తుపాకీ నూనె వాసన మొదట్లో తల తిప్పేది. ఇప్పుడు సాయంత్రం మొగుడి చొక్కా ఉతకడానికి తీసినప్పుడు, ఎవరూ చూడకుండా ఒకసారి వాసన చూసి మరీ నానబెడుతోంది.

హేమంత్ విశాఖలో ఒక ముసలి మెకానిక్కు దగ్గర పని నేర్చుకున్నాడు. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాడు. కొట్టు తెరిచిన కొత్తలో బ్యాంకు గన్‌మెన్లు తప్ప మరొకరు గుమ్మం ఎక్కలేదట. అప్పుడు ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులోనో, లైసెన్సున్న కొట్లోనో అప్పగించాలి కదా. స్టేషనులో అప్పగిస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టి తిరిగొస్తాయి. కవిటి నుంచి ధర్మారావు అనే కొబ్బరి రైతు తన తాతలనాటి ఒంటిగొట్టం తుపాకీ తెచ్చి హేమంత్ దగ్గర దాచాడు. తిరిగి తీసుకున్నప్పుడు అది అద్దంలా మెరిసింది. ఆయన ఊళ్లో చెప్పాడు. అంతే, కవిటి చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో తుపాకీ ఉన్న ప్రతి రైతూ ఈ కొట్టు దారి పట్టాడు.

హేమంత్‌కి ఒక పద్ధతుంది. తుపాకీ ఇచ్చేముందు ఎవరికైనా సరే టీ ఇస్తాడు. "తుపాకీ మనిషి సేతికెళ్లే ముందు ఆ మనిషి మన ఎదురుగా కాసేపు కూకోవాల," అంటాడు. ఎవరి పిల్లకి పెళ్లి కుదిరిందో, ఎవరు డయాలసిస్‌కి తిరుగుతున్నారో అన్నీ ఆ టీలోనే తెలుస్తాయి.

ఈసారి ఎన్నికలు కూడా అయ్యాయి. తుపాకులు తిరిగి ఇవ్వచ్చని ఉత్తర్వులొచ్చాయి. రైతులు ఒక్కొక్కరే వచ్చి టీ తాగి, తుపాకీని కీలు దగ్గర మధ్యకి విరిచి తెరిచి, వీధి వెలుగుకి ఎత్తి గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూస్తుంటే, ఉయ్యాల్లో పిల్లని ఎత్తుకుని మొహం చూసుకున్నట్టుండేది. ప్రమోదినికి ఆ చూపు ఎంత చూసినా తనివి తీరేది కాదు.

ఒక మధ్యాహ్నం ధర్మారావు ఆటో దిగాడు.

"రా మావా, కూకో. టీ తాగుదువు."

"టీ ఒద్దు. తుపాకీ ఇచ్చీ. ఓ పెట్టె తూటాలు కూడా ఇచ్చీ."

ప్రమోదిని అయినా గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన దానివైపు చూడలేదు.

"జీడి కోతలయిపోనాయి కదా మావా. ఇంక తోటకి కాపలా ఏటి?" హేమంత్ నవ్వుతూనే అడిగాడు.

"ఎలుగుబంట్లు నిన్నడిగి వొత్తాయేటి?"

హేమంత్ తుపాకీ తీసి ఇచ్చాడు. ధర్మారావు దాన్ని చంకలో ఇరికించుకుని తూటాల కోసం చెయ్యి చాపాడు. హేమంత్ ఆ చేతిని చూశాడు. "మావా, ఓపాలి ఇలగియ్యి," అని తుపాకీ వెనక్కి తీసుకున్నాడు. విరిచి ఖాళీయేనని చూసుకుని, ట్రిగ్గర్ నొక్కి చెవి పెట్టి విన్నాడు.

"స్ప్రింగు వొదులైపోనాది. విశాఖ నించి రావాల. అప్పటిదాకా ఇయ్యలేను."

నిన్ననే ప్రమోదిని నూనె గుడ్డ అందిస్తుంటే ఆ తుపాకీ సరిచేశాడు. స్ప్రింగుకి ఏ జబ్బూ లేదు.

"నా తుపాకీ ఉంచీసుకుంతావేట్రా?" ధర్మారావు గొంతు పెద్దదయింది. "నిన్ను ఉద్దానానికి సూపించినోడిని నాను. నానొక్క మాటంటే ఒక్కడు నీ గుమ్మం ఎక్కడు. కలెక్టరాఫీసులో కాయితం పెడతాను. నీ లైసెన్సు ఎలగుంతాదో సూత్తాను."

"పెట్టు మావా. స్ప్రింగు మాత్రం వొదులే."

ఆటో వెళ్లిపోయాక కూడా బల్ల మీద టీ మీగడ కట్టి అలాగే ఉంది.

"బావా, స్ప్రింగు బాగానే ఉంది కదా?"

"బాగానే ఉన్నాది. గొట్టంలోకి సూసేడేటి ఆయన?"

చూడలేదు. తుపాకీ ఎలా ఉందో ఆయనకి అక్కర్లేదు. తూటాలే కావాలి.

ఆ సాయంత్రమే ధర్మారావు భార్య రత్నాలమ్మ ఫోను చేసింది. తిత్లీ తుఫానుకి గట్టు మీద కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడే అన్నదమ్ముల హద్దు పోయిందట. ఇప్పుడు మరిది నారాయణమూర్తి ధర్మారావు నేలలోకి జరిగి మొక్కలు పాతి, అన్నని పదిమందిలో నానా మాటా అన్నాడట. "ఈయన అన్నం కూడా ముట్టుకోకుండా నీ కొట్టుకే వొచ్చీనాడు బాబూ. ఖాళీ సేతుల్తో తిరిగొచ్చేసరికి బతికిపోనామనుకుని నాను గడపలోనే కూలబడిపోనాను."

కానీ ధర్మారావు ఊళ్లో ఆ ఒక్క మాటా అననే అన్నాడు. మర్నాటి నుంచి ఉద్దానం రైతు ఒక్కడూ రాలేదు. హేమంత్ తుడిచిన తుపాకీనే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఆయన నిజంగానే కాయితం పెడితే?" ప్రమోదిని అడిగింది.

"కొట్టు పోతాది." గుడ్డ ఆగింది. "ఇచ్చీసుంటే ఆయన తమ్ముడు పోయీవోడు. ఆ తరవాత ఈ కొట్టు ఉంటే ఎంత, నేకపోతే ఎంత?"

అంటూనే గోడ మీది లైసెన్సు కాయితం వైపు చూశాడు. భయం లేకుండా ఆ మాట అనుంటే ఆమెకి ఇంత ముద్దొచ్చేవాడు కాదేమో. నూనె చేతుల్ని అలాగే తన చేతుల్లోకి తీసుకుంది. కొత్త చీర మీద మరక పడింది. పడనీ అనుకుంది.

వారం తిరిగాక ఒక ఉదయం ధర్మారావు వచ్చాడు. ఆటోలో కాదు, బస్సులో. పిలవకుండానే కూర్చున్నాడు. ప్రమోదిని టీ పెట్టింది. ఆయన ఊదుకుంటూ గ్లాసంతా తాగి, "ఏదీ, సూపించు," అన్నాడు.

హేమంత్ తుపాకీ ఇచ్చాడు. ధర్మారావు దాన్ని విరిచి, వీధి వెలుగుకి ఎత్తి, గొట్టంలోకి చాలాసేపు చూశాడు. మూసి, నేలవైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమని స్ప్రింగు కొట్టిన చప్పుడు గదంతా వినిపించింది. ముగ్గురూ విన్నారు.

"ఇంకా వొదులుగానే ఉన్నాదిరా అల్లుడూ," అన్నాడాయన తల ఎత్తకుండా.

"అవును మావా."

"సర్వేయరొచ్చి హద్దు తేల్చీదాకా నీ కాడే ఉండనీ." తుపాకీని బల్ల మీద హేమంత్ వైపుకి జరిపి, ఖాళీ గ్లాసు ప్రమోదినికి అందించాడు. "ఇంకో రవ్వంత పొయ్యమ్మా. బస్సుకి టయమున్నాది."

హేమంత్ తుపాకీని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ప్రమోదిని స్టవ్ మీద మళ్లీ పాలు పెట్టింది.