పోగుకు ఎంగిలి లేదు

జయశ్రీ గ్లాసును జయశ్రీయే కడుక్కోవాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. మిగతావాళ్ల గ్లాసులు కూడా జయశ్రీయే కడగాలి. అదీ కట్టుబాటే. కోడలి గ్లాసు ముట్టుకుంటే రోగం అంటుకుంటుందని వణికే అనంతమ్మకు, ఆ కోడలే తోమిన కంచంలో వేడివేడి అన్నం కలుపుకుని తినడానికి మాత్రం ఏ భయమూ లేదు. గిన్నెల మీద నాలుగు చుక్కలు పసుపు నీళ్లు చల్లుకుంటే చాలట, మైల పోతుందట. మరి ఆ పసుపు నీళ్లేవో కోడలి మీదే చల్లి ఇంట్లోకి రానివ్వవచ్చు కదా అంటే, అబ్బే, అంత సులువుగా పోయేదైతే అది కోడలి మైల ఎందుకవుతుంది? తోముతూ తోముతూ జయశ్రీ ఇదంతా మనసులో అనుకుంటుంది, అనుకుని తలవంచుకుని మళ్లీ తోముతుంది. ఆమె గ్లాసు పెరటి గోడ మీద ఒంటరిగా బోర్లించి ఉంటుంది. పక్కింటివాళ్లు మేడమీద బట్టలు ఆరేసేటప్పుడు అటు చూస్తారేమోనని ఆమెకు ఎప్పుడూ బెరుకే.

గద్వాల నేతవాళ్ల వీధిలో వాళ్లది మూడు గదుల ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం. దాని మీద కూర్చునేది ఆమె భర్త తిరుపతి. మగ్గం మీద కూర్చున్నవాడిదే నేత, వాడిదే పేరు. పొద్దున లేచి కండెలు చుట్టి, తెగిన పోగులు కలిపి, నడుమ పొయ్యి మీది పప్పు దించి, మళ్లీ వచ్చి కండెల ముందు కూర్చునే మనిషి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఇంట్లనే ఉంటది" అంటారు. ఈసారి జాతరకు జములమ్మ తల్లికి మొక్కు చీర నేయించి కట్టిస్తానని అనంతమ్మ మొక్కుకుంది. మొక్కు ఎందుకో చెప్పలేదు, ఇంటి మేలు కోసమంది. తిరుపతి చేతికి కంకణం కట్టింది. అప్పటినుంచి ఇంట్లో నీచు లేదు, కల్లు లేదు, బయటి తిండి లేదు, ఇంగ్లీషు మందు లేదు. మందుతోపాటు ఆ మందు మింగే మనిషి కూడా ఉండకూడదు గనక, జయశ్రీ చాపా దుప్పటీ తీసుకుని పెరట్లో రేకుల షెడ్డులోకి మారింది. పాత మగ్గం చెక్కల నడుమ ఆమెకు చోటు దొరికింది.

ఆమెతోపాటు మందు సీసాలు కూడా షెడ్డులోకి వచ్చాయి. అవి రెండు. రెండూ ఆమెవేనని ఇల్లంతా అనుకుంటుంది. ఇల్లంతా అంటే అనంతమ్మే; కూతురు మానస గోపాల్‌పేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, దానికి రక్తపరీక్షలో ఏమీ లేదని తేలిన రోజు జయశ్రీ దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చింది, అదొక్కటే ఆమె సిగ్గులేకుండా ఏడ్చిన ఏడుపు. రెండు సీసాల్లో ఒకటి తిరుపతిది. మగ్గాలకు పని సన్నగిల్లిన కాలంలో అతను సోలాపూర్ మిల్లుల్లో పనికి పోయి వచ్చాడు. వచ్చిన ఏడాదే నడుము చుట్టూ మంటపొక్కులతో సర్పి లేచింది. ఎర్రమట్టి జాజు పూయించారు, మంత్రం వేయించారు, మానింది. తర్వాత జ్వరం, దగ్గు, బరువు తగ్గడం. దవాఖానలో రక్తం తీశారు, భర్తది తేలాక భార్యది తీశారు. బయటి వరండాలో తిరుపతి ఆమె చెయ్యి పట్టుకుని, "నాది చెప్పకు జయా, అమ్మ సచ్చిపోతది. నీదని చెప్తె నాలుగొద్దులు తిట్టి ఊకుంటది" అన్నాడు. సరేనంది. ఎందుకన్నానని ఇప్పుడు తనను తాను అడుగుతుంది. తన కోసం ఎవరూ ఎప్పుడూ చెయ్యి పట్టుకుని బతిమాలలేదు కాబట్టి. మొగుడి పరువు కాపాడే ఇల్లాలిగా ఆ కాసేపు తనకు తాను పెద్ద మనిషిలా కనిపించింది కాబట్టి. రోగానికి కాదు, ఆ గొప్ప తలుచుకుంటేనే ఆమెకు ఎక్కువ సిగ్గు.

నాలుగు రోజులన్న తిట్లు ఏళ్లు గడిచినా ఆగలేదు. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అన్నట్టు, కొడుకు తెచ్చిన రోగం కోడలి పుట్టింటి ఖాతాలో పడింది. చెల్లెలు రుక్కమ్మ వచ్చినప్పుడల్లా అనంతమ్మ పీట వేసుకుని కూర్చుని, కోడలికి వినపడేలా, "ఏం జేస్తమే, దాని రాత. ఇంట్ల పెట్టుకొని సాకుతున్నం" అని నిట్టూర్చేది. నీ ఓపిక ఎవరికుంటదక్కా అని రుక్కమ్మ మెచ్చుకునేది. తిరుపతి మగ్గం మీద వింటూ ఉండేవాడు. పడుగులో అటూ ఇటూ పోయే నాడె ఒక్క క్షణం కూడా ఆగేది కాదు. జయశ్రీ లోపల కూర కలుపుతూ, ఈ మనిషి ఇప్పుడు ఒక్క మాట అంటాడేమో అని చెవులు రిక్కించేది, అనడని తెలిసీ. చివరికి ఇద్దరు ముసలమ్మలకూ టీ పెట్టి తీసుకుపోయేది.

గద్వాల దవాఖానకు పోతే తెలిసినవాళ్లు చూస్తారని వనపర్తికి పోయి మందులు తెచ్చేది. వీధిలో చీరల బేరానికని చెప్పేది. నడిస్తే సీసాలో గోలీలు గలగలమంటాయని, పైన పట్టు పోగుల చిక్కు కుక్కి మూత పెట్టుకునేది. అక్కడి కౌన్సెలర్ రోజా మేడం మొదటిరోజే విడమరిచి చెప్పింది. ఈ పురుగు తిన్నగా మనిషిని చంపదు, మనిషి రక్తంలో కావలి ఉండే కణాల్లోకి దూరి వాటిని తింటుంది. కావలి తగ్గేకొద్దీ దారిన పోయే ప్రతి రోగమూ లోపలికి వస్తుంది. మామూలుగా ఒంట్లో నిద్రపోయే టీబీ లేస్తుంది, చిన్నప్పుడు పోసిన అమ్మవారు సర్పిగా లేస్తుంది, నోట్లో తెల్లగా పూస్తుంది. మందు రోజూ మింగితే పురుగు పరీక్షకు కూడా దొరకనంతగా అణిగిపోతుంది, కావలి మళ్లీ పెరుగుతుంది, భార్యాభర్తల నడుమ కూడా అంటదు. గ్లాసుతో అంటదు, ఉమ్ముతో అంటదు, పక్కన కూర్చుంటే అంటదు. జయశ్రీ ఒక్క పూట తప్పకుండా మింగింది. ఆమె రక్తంలో పురుగు దొరకక చాలా కాలమైంది. అత్తకు మోకాళ్లు, కళ్లల్లో పొరలు; మొగుడికి ఎప్పుడూ ఏదో ఒకటి. ఇంట్లో అందరికన్నా గట్టిగా ఉన్న మనిషి షెడ్డులో పడుకుంటోంది.

తిరుపతి ఇన్నాళ్లూ ఆమె మందుల పెట్టె దగ్గరికి వచ్చి తన గోలీ తాను మింగిపోయేవాడు. కంకణం కట్టుకున్నాక రావడం మానేశాడు. ఆమె బావి దగ్గర దొరకబట్టి అడిగితే, "చీర మగ్గం దిగినంక మింగుత తియ్. అమ్మవారి పనిల గోలీలేంది" అని కసిరాడు. ఫోన్లో రోజా మేడం, నడుమ ఆపితే పురుగు ముదురుతుంది, రేపు ఇదే మందుకు లొంగకపోవచ్చు, ఆలస్యం చేయకుండా తోలుకురమ్మంది. అతను రానన్నాడు. కొన్ని వారాలకే అతని నోట్లో తెల్లగా పూసింది, కారం నోట పెట్టలేకపోయాడు. మజ్జిగన్నం కూడా గొంతు దిగడం కష్టమైంది. కొడుక్కి దిష్టి తగిలిందని అనంతమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, ఆ ఘాటుకు అతను ఇంకా దగ్గాడు. షెడ్డులో కూర్చుని జయశ్రీ మగ్గం చప్పుడు వినేది. రెండు దెబ్బలు, ఒక దగ్గు. ఒక దెబ్బ, ఎంతో సేపు దగ్గు. పోయి అత్తతో చెప్పేస్తాననుకుని లేచేది, వంటింటి గడప దాకా వచ్చేది. గడప దగ్గర నాలుక మడత పడేది. నీ కొడుకు ఎక్కడో ఎవరి దగ్గరో తెచ్చుకుని నాకు పెట్టాడని ఏ నోటితో చెప్పాలి? తప్పు అతనిది, చెప్పడానికి సిగ్గు మాత్రం తనది. ఏం కావాలే అని అత్త అడిగితే, కంచాలు తోమడానికి వేస్తారేమోనని వచ్చానని చెప్పి, కంచాలు తీసుకుని వెనక్కి పోయేది.

చీర కొంగు దగ్గరికి వచ్చింది. గద్వాల చీర ఒళ్లు నూలు, కొంగు పట్టు. నిలువు పోగుల నూలు పడుగు అయిపోయే చోట ఒక్కో నూలు పోగుకూ ఒక్కో పట్టు పోగును చేర్చి వేళ్లతో మెలిపెట్టాలి, ముడి కనపడకూడదు. వేలికి తడి, చిటికెడు బూడిద, అంతే పనిముట్లు. తడికి ఆడవాళ్లు వేలు నాలుకకు తాకించుకుంటారు. పెళ్లయిన కొత్తలో జయశ్రీ గిన్నెలో నీళ్లు తెచ్చి పెట్టుకుంటే అనంతమ్మే నవ్వింది. నీళ్లయితే పోగు ఉబ్బుతుందని, నాలుక తడి సరిగ్గా సరిపోతుందని నేర్పించింది. అమ్మవారి చీరకు కూడా ఇంతేనా అని కొత్త కోడలు అమాయకంగా అడిగితే, "నేతోళ్లకు పోగుకు ఎంగిలి లేదే పిచ్చిదానా" అని తల మీద మొట్టింది. ఆ మొట్టికాయలో ముద్దు కూడా ఉంది. ఇప్పుడు అనంతమ్మ కళ్లకు పోగులు ఆనవు. అంత సన్నంగా అతికే చెయ్యి ఆ ఇంట్లో జయశ్రీది ఒక్కటే.

మధ్యాహ్నం అనంతమ్మ షెడ్డు ముందుకు వచ్చి నిలబడింది. కొంగు పోగులు అతకాలి, తలకు పోసుకుని రమ్మంది. ఎవరినైనా పిలిపించుకోమని జయశ్రీ అంటే, బయటివాళ్లు ఇంట్లోకి వస్తే వాడి నోరు చూస్తారు అంది. ఆ మాట జయశ్రీకి ఎక్కడో గుచ్చుకుంది గానీ ఎందుకో అప్పుడు తోచలేదు. స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ఎన్నో రోజుల తర్వాత ముందు గదిలోకి వచ్చింది. లోపలి గదిలో తిరుపతి గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు, వీపు మీద ఎముకలు లెక్కపెట్టవచ్చు. మగ్గం పక్కన బూడిద, దాని పక్కన గిన్నెలో నీళ్లు. "వేలు నోట్ల పెట్టకు. గిన్నెల తడుపుకో" అంది అనంతమ్మ.

జయశ్రీ కూర్చుంది. నీళ్లలో వేలు ముంచి మొదటి పోగు మెలిపెట్టింది, జారింది. మళ్లీ పెట్టింది, జారింది. ముప్పై ఆరేళ్ల మనిషి, కూతురి తల్లి, బడిలో తప్పు చేసిన పిల్లలా కూర్చుంది. లోపలి నుంచి దగ్గు వచ్చింది, ఆగకుండా. ఆ దగ్గు వింటుంటే, ఈ చీర మగ్గం దిగేలోపు ఆ మనిషి మట్టిలోకి దిగిపోతాడని ఆమెకు స్పష్టంగా అర్థమైంది. చేతిలోని పోగు వదిలేసింది.

"అత్తమ్మా, ఆ సీసాల్ల ఒకటే నాది. రెండోది నీ కొడుకుది."

అనంతమ్మ బూడిదను వేళ్లతో సర్దుతూనే ఉంది. తల ఎత్తలేదు.

"తెల్సు" అంది.

జయశ్రీకి వినపడింది నిజమో కాదో తెలియలేదు. ఎప్పటినుంచి అని అడిగింది. వాడికి సర్పి లేచి, దవాఖానకు పోయి వచ్చిన కాడి నుంచే అంది అనంతమ్మ. నా కడుపున పుట్టినోడి ముఖం నాకు తెలియదా అంది. మొక్కు కూడా అందుకే అంది. చీర కట్టించాక మందులతో పనే ఉండదనుకుంది, వాడు బాగుపడతాడనుకుంది. వాడు. ఆ ఒక్క మాట దగ్గర జయశ్రీ ఆగిపోయింది. కంకణం వాడికి, మొక్కు వాడికి. అదే రోగం, అదే ఇల్లు, అమ్మవారి ముందు మాత్రం తన పేరు ఎవరూ ఎత్తలేదు.

"మరి నన్నెందుకు గిట్ల జేసినవ్?"

అనంతమ్మ అప్పుడు తలెత్తింది. కోపం లేదు ఆ ముఖంలో, లోకం తెలిసిన మనిషి పిల్లకు చెప్పినట్టే చెప్పింది. "మొగోని పేరు చెడితె ఇల్లు మునుగుతది బిడ్డా. ఆడిదాని పేరు చెడితె ఆడిదొక్కతే మునుగుతది."

ఇన్నేళ్లూ జయశ్రీ ఒక అబద్ధాన్ని మోస్తున్నాననుకుంది, అది తనదీ తిరుపతిదీ అనుకుంది, తెలియని ముసలమ్మను మోసం చేస్తున్నానని కూడా సిగ్గుపడింది. తెలియనిదెవరికి? పసుపు నీళ్లు చల్లిన చేతికి అంతా తెలుసు. గోడ మీది గ్లాసుకు ఒక్క రోజు కూడా భయం కారణం కాదు. ఆమె ఎదురుచూసింది, ఏడుపు వస్తుందేమోనని. రాలేదు. సిగ్గు కూడా, వెతికితే, ఉండవలసిన చోట లేదు. అది తన వస్తువు కాదు గనక ఉండదు కదా అనుకుంది.

లేచి లోపలి గదిలోకి పోయింది. తిరుపతి మెలకువగానే ఉన్నాడు, అంతా విన్నాడు, కళ్లు మూసుకున్నాడు. అంగీ తీసి మంచం మీద పెట్టింది. "లే. వనపర్తి బస్సుకు పోదం. ఈసారి నీ పేరు నువ్వే చెప్పుకో, నీ సీసా నువ్వే పట్టుకో." అతను చేతి కంకణం వైపు చూసి, గడప దగ్గరికి వచ్చి నిలబడ్డ తల్లి వైపు చూశాడు. తల్లి గడప పక్కకు జరిగింది. కాసేపటికి అతను లేచి అంగీ తొడుక్కోవడం మొదలుపెట్టాడు, గుండీలు పెట్టుకోవడానికి చాలా సేపు పట్టింది.

చీర సంగతేందని అనంతమ్మ మెల్లగా అడిగింది. జయశ్రీ మగ్గం దగ్గరికి తిరిగి వచ్చి, నీళ్ల గిన్నెను పక్కకు జరిపింది. అత్త చూస్తుండగా వేలు నాలుకకు తాకించుకుని, బూడిద అద్దుకుని, నూలు పోగుకు పట్టు పోగు చేర్చి మెలిపెట్టింది. పోగు నిలిచింది. పోగుకు ఎంగిలి లేదని నువ్వే చెప్పావు కదా అని మాత్రం అంది. మిగతావి వచ్చాక, మనసు ఒప్పితే చూస్తానంది.

పెరట్లోకి పోయి గోడ మీది తన గ్లాసు తెచ్చింది. అందరూ తాగే కుండలో ముంచి, కడుపు నిండా నీళ్లు తాగింది. గ్లాసును తీసుకుపోయి పంపు దగ్గర, పొద్దున అత్తా మొగుడూ తాగి వదిలిన గ్లాసుల నడుమ పెట్టింది. తిరుపతిని ముందు నడవనిచ్చి, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి చూసింది.

"గిలాసలు మూడున్నయి, అత్తమ్మా. అన్ని కలిపి తోము."