గోలీ నొక్కని సోడా

కుసుమకుమారి ఒక చేత్తో బొరుగుల వగ్గాణి తింటూనే, రెండో చేత్తో క్యాజువాలిటీ మంచాలను కదిపి చూస్తోంది, చక్రాలు తిరుగుతున్నాయో లేదో అని. పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆమె చేసే మొదటి పని అది. యాభై దాటిన డాక్టరు. మోకాళ్లు వాచి ఉంటాయి, జుట్టుకు రంగు వేసుకునే ఓపిక లేదు. రాయచూరు స్టేషను దగ్గరి ఆ ప్రైవేటు ఆసుపత్రి బోర్డు మీద ఆమె పేరైనా ఉండదు.

ఇంత చాకిరీ ఎందుకమ్మా అని అడిగితే ఆమెది ఒకటే జవాబు. గుండె పట్టుకొని వచ్చినవాడికి రక్తపు గడ్డ కరిగించే సూది వేస్తే, చెమట ఆరి, కళ్లు తెరిచి "ఆకలైతుంది" అంటాడు. ఆ ఒక్క మాట వింటే ఆమెకు కడుపు నిండిపోతుంది.

ఆసుపత్రి చంద్రమోహన్‌ది. కాలువ కింద ఆంధ్రా రైతుల క్యాంపు నుంచి వచ్చి, ఆమెతో కలిసి డాక్టరు చదివినవాడు. "క్యాజువాలిటీ నువ్వు చూసుకో కుసుమా, ఆ సూదికి ఎప్పుడూ లోటు రానివ్వను" అని మాటిచ్చి, సర్కారు కొలువు మాన్పించి మరీ తెచ్చుకున్నాడు. అప్పుడూ ఇప్పుడూ ఊళ్లో ఆ సూది ఇంకెక్కడా దొరకదు.

ఈ ఊరివాళ్లకు ఒక పిచ్చి ఉంది. ఛాతీ మండితే చాలు, గ్యాస్ అనుకొని గోలీసోడా తాగుతారు. శక్తినగర్ కరెంటు ప్లాంటులో బూడిద ఎత్తే తాయప్ప కిందటేడు అలాగే సోడా మీద సోడా తాగి, కొన ఊపిరితో వచ్చాడు. బతికాక కుసుమకుమారి చెడామడా తిట్టింది. "మల్ల మండితే సోడా ముట్టకు. సీదా నా దగ్గరికి రా. సూది నేనేస్త." అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఒట్టేశాడు.

ఆ తాయప్పే ఇవాళ తోటిపనివాడి బండి మీద వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. కనురెప్పల మీద బూడిద. చేతిలో సోడా సీసా.

"ఏంది తాయప్పా, మల్ల సోడానా?" ఆమెకు ఒళ్లు మండింది.

"తాగలేదమ్మా. గేటు కాడ దోస్తులు చేతుల పెట్టిన్రు. నువ్వొద్దంటివి గద. చూడు, గోలీ గూడ నొక్కలే." సీసాను ఆమె బల్ల మీద పెట్టి, అంత నొప్పిలోనూ నవ్వాడు.

ఈసీజీ తీసింది. గుండెపోటే. కానీ వేళకు వచ్చాడు, బంగారు తండ్రి. మాత్రలు మింగించి, హుషారుగా ఫ్రిజ్ తెరిచింది.

సూదుల అర ఖాళీగా ఉంది.

"నిన్న సారు తీస్కపోయిన్రు మేడం. మీకు చెప్పిన అన్నరు," అంది నర్సు నేత్ర, తల వంచుకొని.

కుసుమకుమారి చంద్రమోహన్ ఇంటికి ఫోన్ చేసింది.

"హైదరాబాదు ఆసుపత్రి వాళ్లతో మాట్లాడుకున్నాను కుసుమా. సూదులు నిన్ననే వాళ్లకు పంపేశాను. గుండె కేసులన్నీ ఇక వాళ్లకే. ఇక్కడే సూదేసి బాగుచేస్తే అక్కడిదాకా ఎవరెళ్తారు చెప్పు? ఆంబులెన్సు వాకిట్లోనే ఉంది, ఎక్కించెయ్."

"నిన్న నా డబ్బాల అన్నం తింటివి గద. అప్పుడెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవుగా."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఆమె ఫోన్ పెట్టేసింది. అతణ్ణి తిట్టడానికి కూడా ఇప్పుడు సమయం లేదు.

ఆంబులెన్సులో తానే తాయప్ప పక్కన కూర్చుంది. "సూది ఏస్తివా అమ్మా?" అని అడిగాడు.

"హైదరాబాదుల ఏస్తరు."

"నువ్వేస్త అంటివి గద." అందులో కోపం లేదు. ఉంటే ఆమె తట్టుకునేదేమో.

హైదరాబాదుకు శక్తినగర్ మీదుగానే, తాయప్ప వచ్చిన దారినే తిరిగి పోతున్నారు. శక్తినగర్ పొగగొట్టాలు కనబడుతుండగా, ఆమె చేతిలోని చెయ్యి బరువెక్కింది. ఛాతీ మీద ఎంత నొక్కినా లాభం లేకపోయింది. ఆకలి అన్న మాట అతని నోట రానే లేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చి, కోటు విప్పి మంచం మీద వేసింది. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంది. "రేపటి సంది నేను రాను నేత్రా," అంది. నేత్ర ఏడ్చింది. అయినా కుసుమకుమారి ఆగలేదు.

బల్ల మీద సోడా సీసా అలాగే ఉంది, మూతి దగ్గర గోలీ బిగుసుకొని.