పదింటి లైను

రోజూ సరిగ్గా పదింటికి నేను శత్రుదేశానికి ఫోన్ చేస్తాను. నాకు జీతమిచ్చేదే అందుకు. రెండు ప్రభుత్వాల మధ్య మిగిలిన ఒకే ఒక్క లైను అది. బతికుందో లేదో చూడటం నా పని. "వినిపిస్తోందా?" అంటాను. అవతల ఓ ఆడగొంతు, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే గొంతు, "వినిపిస్తోంది" అంటుంది. "సరే, రేపు పదింటికి" అని పెట్టేస్తాను. రెండేళ్లుగా ఇంతే. ఇంకో మాట కలిపితే ఉద్యోగం ఊడుతుంది.

మా ఆయన నది ఒడ్డున కందకంలో ఉన్నారు. నేను చెప్పబోయే మంగళవారానికి ఆయన వెళ్లి పద్నాలుగు నెలలు. కోటు వేసుకుంటే పైకి కనిపించేంత మేరే చొక్కా ఇస్త్రీ చేసుకునే బద్ధకస్తుడు, అక్కడ రోజుకు రెండుసార్లు బూట్లు తుడుస్తున్నారట. మంచమంతా నాదే ఇప్పుడు. అయినా నా వైపునే ముడుచుకుని పడుకుంటాను. ఆయన గురక లేక నిద్ర పట్టడం లేదంటే మా అక్క పకపకా నవ్వింది, అంతలోనే కళ్లు తుడుచుకుంది.

అందుకే శాంతి చర్చలంటే నాకు ఒళ్లు మండేది. గదిలోకి ఎవరు ముందు అడుగు పెట్టాలన్న దగ్గరే పదిహేను రోజులు నాన్చిన మహానుభావులు వీళ్లు.

ఆ మంగళవారం ఉదయం మంత్రిగారు, జనరల్ గారు మా గదికే వచ్చారు. జనరల్ గారు నా బల్ల మీదే మ్యాపు పరిచారు.

"ఒక్క వారం చాలండి. ఉన్న విమానాలన్నీ ఒకేసారి పంపితే చచ్చినట్టు దారికొస్తారు. మొదట ఇదిగో, వాళ్ల టెలిఫోన్ భవనం. వచ్చే ఆదివారానికి మన కుర్రాళ్లు ఇళ్లలో ఉంటారు."

"దెబ్బ తిని దారికొచ్చినవాళ్లు ఎన్నాళ్లు ఆ దారిలో ఉంటారండీ?" అన్నారు మంత్రిగారు. "మన షరతుల మీద ఈ పూట జవాబిస్తామన్నారు. పన్నెండింటి దాకా పలక్కపోతే ఇక మీ ఇష్టం."

ఇద్దరూ అద్దం అవతలి గదిలో కూర్చున్నారు. నా మనసు మాత్రం జనరల్ గారి పక్కనే కూర్చుంది. వచ్చే ఆదివారం!

పదింటికి ఎవరూ ఎత్తలేదు. ఐదు నిమిషాలకోసారి చేస్తూనే ఉన్నాను. ఎత్తని ప్రతిసారీ సంతోషం వేసింది. దాచడమెందుకు, పదకొండయ్యేసరికి మనసులో దుప్పట్లు మార్చేశాను, ఆయన దిండు ఎండలో పెట్టేశాను.

పదకొండూ నలభైకి ఎత్తారు. ముందు ఆయాసం వినిపించింది.

"పెట్టేయకండి! కరెంటు లేదు, లిఫ్టు లేదు. తొమ్మిది అంతస్తులు ఎక్కొచ్చాను. మావాళ్లు ఒప్పుకున్నారు, మాట్లాడతామంటున్నారు."

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. అద్దం అవతల జనరల్ గారు గడియారం చూసుకుంటున్నారు. "పలకలేదండీ" అంటే చాలు, ఆదివారం మా ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటారు. లైను తెంపేద్దామని నా చెయ్యి ప్లగ్గు మీదికి వెళ్లింది. ఆయన కావాలి నాకు.

"అమ్మా, వినిపిస్తోందా?" దగ్గుతూ అడిగిందావిడ.

జనరల్ గారి వేలు ముందుగా పడింది ఆవిడ ఉన్న భవనం మీదే. ఆవిడ నాకన్నా పెద్దదే అయ్యుంటుంది. ఆ వయసులో తొమ్మిది అంతస్తులు.

"వినిపిస్తోంది" అన్నాను. అద్దం మీద తట్టి మంత్రిగారిని పిలిచాను.

ఇది జరిగి ఐదు నెలలైంది. చర్చలు నత్తనడక నడుస్తున్నాయి. కాల్పులు తగ్గాయంటున్నారు గాని ఆగలేదు. ఆయనకు సెలవు దొరకలేదు. పోస్టు వచ్చే వేళకు మెట్ల మీద నిలబడటం నాకు అలవాటైపోయింది.

నిన్న ఉత్తరం వచ్చింది. "అప్పట్లో వారంలో ఇళ్లకు పంపించేస్తామన్నారు తెలుసా? సంచి కూడా సర్దుకున్నాను. చివరి నిమిషంలో ఎవరో అడ్డుపడ్డారట. ఆ మనిషెవరో నా చేతికి చిక్కాలి గాని, దులిపేస్తాను."

నాలుగుసార్లు చదివాను. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియలేదు. ఆఫీసు సంగతులు ఉత్తరాల్లో రాయకూడదు. అయినా వంటింట్లో కూర్చుని జవాబు రాశాను.

"ఆ మనిషెవరో నాకు తెలుసు. మీరు క్షేమంగా రండి, ఎదురుగా కూర్చోబెడతాను. ఎంతసేపు తిడితే అంతసేపూ వింటుంది."