అరటిచెట్టు ఆగిన చోటు

రాజ్యశ్రీ వాళ్ళింట్లో పొద్దున్నే లేచినవాళ్ళు ముందు అరటిచెట్టు ఎక్కడుందో చూసుకునేవాళ్ళు. బట్టలు ఎక్కువ ఉతికిన రోజున చప్టా పక్కన ఉండేది. అంట్లు ఎక్కువ పడిన రోజున వంటింటి గోడవారకి వచ్చి నిలబడేది. వాడుకనీళ్ళు ఎటు పోతే అటు పోతుంది, అరటి కదా మరి. దండెం కింద చేరి బట్టలకి కర మరకలు అంటిస్తుందని రాజ్యశ్రీ రోజూ దాన్ని తిట్టుకునేది. జగ్గయ్యపేటలో ఆ సందు మొత్తానికి ఆ తిట్లు అలవాటే.

ఆ వేసవిలో మాత్రం చెట్టుని తెచ్చి వాయవ్యం మూల ప్రహరీకి నైలాన్ తాడుతో కట్టేసింది. "ఇల్లు చూడ్డానికి జనం వస్తుంటే కాళ్ళకడ్డం తిరుగుతోందే" అని ఎదురింటి రాగసుధతో అంది. రాగసుధ నమ్మింది. రాజ్యశ్రీ చెబితే రాగసుధ నమ్మని మాటంటూ లేదు, వచ్చిన చిక్కల్లా అదే.

రాగసుధ టీచరు. మొగుడు భార్గవకి నందిగామలో ఆఫీసు ఉద్యోగం. వాళ్ళది అద్దెకొంప. రాజ్యశ్రీ వాళ్ళది సొంతిల్లు, వత్సవాయి దగ్గర పత్తి పొలాలున్న మనుషులు. అయినా ఇద్దరి మధ్యా ఆ తేడా ఏనాడూ లేదు. కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగి తిరిగి, ఏ గిన్నె ఎవరిదో వాళ్ళకే తెలిసేది కాదు.

కిందటేడు రాగసుధ కూతురు సంయుక్తకి పచ్చకామెర్లు వచ్చి, పిల్ల చేతికి దక్కుతుందో లేదో అన్నంత పనైంది. నీళ్ళ వల్లే అన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ రాగసుధకి ఒకటే బెంగ, మంచి నీళ్ళున్న ఇంట్లోకి పిల్లని తీసుకుపోవాలని. ఆ బెంగలో ఉండగానే, ఈ వేసవిలో రాజ్యశ్రీ వాళ్ళు విజయవాడ వెళ్ళిపోదామనుకుని ఇల్లు అమ్మకానికి పెట్టారు.

"పరాయివాళ్ళకెందుకే, నువ్వే తీసుకో. మాది లోతు బోరు, నీళ్ళకి ఢోకా లేదు" అంది రాజ్యశ్రీ. రాగసుధకి దేవుడే కనిపించినట్టయింది.

వాస్తు చూడ్డానికి భార్గవ బాబాయి కామేశం నందిగామ నుంచి దిగారు. రిటైరైన దగ్గర్నుంచీ జేబులో దిక్సూచి లేకపోతే ఆయనకి కాలూ చెయ్యీ ఆడవు.

"సెప్టిక్ ట్యాంకు ఎక్కడమ్మా?"

"వాయవ్యంలోనే బాబాయిగారూ, ఆ అరటిచెట్టు దగ్గర. పైన బండలు పరిచేశాం, అందుకే కనపడదు."

"భేష్. మరి ఈశాన్యంలో?"

"ఒకప్పుడు నుయ్యుండేదండి. వాడకం మానేసి, పైన కప్పేసి తులసికోట కట్టించాం."

"ఇంకేం కావాలి" అన్నారు కామేశం.

భార్గవే ఊరుకోలేదు. "రెండు బండలు తీసి ఓసారి చూస్తే?" అన్నాడు నెమ్మదిగా. రాగసుధకి ఒళ్ళు మండిపోయింది. మొగుణ్ణి పక్కకి లాక్కెళ్ళి, "రాజ్యం ఇల్లు తవ్వి చూస్తారా మీరు? ఇక దాని మొహం నేనెట్లా చూడనండీ?" అని దులిపేసింది.

అగ్రిమెంటు రాసుకునే రోజు పొద్దున్నే అందరూ రాజ్యశ్రీ ఇంటికి వచ్చారు. రాజ్యశ్రీ కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది. రాగసుధ పెరట్లోకి వెళ్ళి చూస్తే, తాడు అరటిబోదెలోకి దిగి నీరు కారుతోంది. ఎంతైనా రేపట్నుంచి తన ఇంటి చెట్టు. పాపం అనుకుని ముడి విప్పేసింది.

చెట్టు కాసేపు ఊరికే ఉంది. తర్వాత వేళ్ళు పైకి తీసుకుని మట్టి దులుపుకుంది. బండల మీదుగా నడిచి, ఇంటి పక్క సందులోంచి ముందుకొచ్చి, ఈశాన్యం మూలన తులసికోటకి ఆనుకుని ఆగి, వేళ్ళు దించేసింది.

అక్కడ చెంబెడు నీళ్ళు తులసికి పోయడం తప్ప వాడుకనీళ్ళు పారవు. కామేశం చెట్టు వంక చూశారు, దిక్సూచి వంక చూశారు, దిక్సూచి జేబులో పెట్టేసుకున్నారు. "అరటి పొరబడదమ్మాయ్" అన్నారు.

కాఫీ పళ్ళెంతో వచ్చిన రాజ్యశ్రీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ట్యాంకు లేదు కదూ?" అడిగింది రాగసుధ.

"మా మామగారి పని సుధా. నేను కాపురానికొచ్చేసరికే లెట్రిన్ గొట్టం నూతిలోకి పెట్టించేశారు. దేవుడి మూల కదా, ఈశాన్యంలో ఎవడూ వెతకడు అనేవారు."

"నాకెందుకు చెప్పలేదే?"

రాజ్యశ్రీ కొంగుతో కళ్ళొత్తుకుంది. "పరాయివాళ్ళయితే తవ్వించి చూస్తారు. నువ్వు తవ్వించవు."

ఇన్నాళ్ళ స్నేహం తీసుకెళ్ళి రాజ్యశ్రీ నూతి మీద మూతలా వాడుకుంది. అయినా రాగసుధ మనసు మెత్తని మనిషి, అందులోనూ ఎదుటి మనిషి ఏడుస్తోంది. సరేలే, వాయవ్యంలో కొత్త ట్యాంకు కట్టించి ఇవ్వమందామని నోరు తెరిచింది.

ఈలోగా చెట్టు మళ్ళీ లేచింది. గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. ఒక ఆటో ఆగి దారిచ్చింది. చెట్టు ఎదురింటి ఆవరణలోకి వెళ్ళి, రాగసుధ వాళ్ళ బోరు పక్కన వేళ్ళు దించి, ఇక కదల్లేదు.

భార్గవ నెత్తిన చెయ్యి పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. నూతిలో పడేదంతా నూతిలోనే ఉండట్లేదు. రోడ్డు కిందనుంచి వెళ్ళి వాళ్ళ బోరులో కలుస్తోంది.

ఆసుపత్రి గుర్తొచ్చింది రాగసుధకి. పిల్ల అక్కడున్నన్నాళ్ళూ రాజ్యశ్రీ టిన్ను నీళ్ళు బాటిల్లో పోసుకుని తెచ్చేది. "ఇవే తాగించు, ఇంటి నీళ్ళు వద్దు" అనేది. తోడబుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరని రాగసుధ స్కూలంతా చెప్పుకుంది.

"అప్పటికే నీకు తెలుసు" అంది.

"అనుమానమేనే, ఖాయంగా తెలీదు. అందుకేగా నీళ్ళు తెచ్చా."

"నీళ్ళు తెచ్చావు, నూతి సంగతి చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ బోరు నీళ్ళతోనే నా పిల్ల పళ్ళు తోముకుంది, ఆ నీళ్ళతోనే నోరు పుక్కిలించింది. నువ్వు గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉన్నావు."

"చెబితే ఈ సందులో తలెత్తుకుని తిరగ్గలమా సుధా?"

రాగసుధ కాఫీ ముట్టుకోలేదు. ఇల్లు దాటేదాకా ఏడుపు ఆపుకుంది. పిల్లకి జబ్బు చేసినప్పుడు కూడా అంత ఏడవలేదు.

వానలు పడేసరికి తులసికోట నుంచి ఎదురింటి బోరు దాకా, రోడ్డుకి అటూ ఇటూ అరటిపిలకలు వరసగా లేచాయి. సందులో వాళ్ళంతా టిన్ను నీళ్ళు తెప్పించుకోవడం మొదలెట్టారు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు పిలకల వరస చూసి, గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగేవాళ్ళు. రాజ్యశ్రీ వాళ్ళ విజయవాడ ప్రయాణం ఆగిపోయింది.

రాగసుధ వాళ్ళు నందిగామలో ఒక ఇల్లు చూసుకున్నారు. ఇల్లుగలావిడ గ్రేసీ, నర్సుగా చేసి రిటైరైన పెద్ద మనిషి. ముందు సంయుక్తని దగ్గరికి పిలిచి చేతిలో జామకాయ పెట్టింది. తర్వాత వెనక్కి తీసుకెళ్ళి, "ట్యాంకు ఇదిగో, ఈ మందారం పక్కనేనమ్మా. మా ఆయన దగ్గరుండి కట్టించారు" అని చూపించింది.

"తవ్వించండి" అంది రాగసుధ.

"నేను అబద్ధం చెప్తానా తల్లీ?"

"చెప్పరండీ. అయినా తవ్వించండి."

కూలీ వచ్చి తవ్వినంతసేపూ రాగసుధ ఎండలో నిలబడే ఉంది. గునపం సిమెంటు మూతకి తగిలింది. గ్రేసీ గారు చూపించిన చోటే ఉంది. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. రాగసుధ అది చూసింది. చూసి కూడా, మూత ఎత్తమని కూలీకి చెప్పింది.