నాకు లేని కుట్టుగది

గోడకు పట్టిన నల్లటి బూజును బ్లీచింగ్ నీళ్లతో ప్రతి సోమవారం తుడుస్తాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చేస్తుంది. ఒకప్పుడు మా అత్తగారు వేసవిలో సముద్రం చూడవచ్చేవాళ్లకు గదులిచ్చిన ఇల్లిది. వాళ్లు రావడం మానేశాక నా భర్త క్లైవ్ ఒక్కో గదికి అడ్డంగా పలచటి చెక్కలు కొట్టించి రెండేసి చేశాడు. చేపల ఫ్యాక్టరీలో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లతో ఇల్లు కిక్కిరిసిపోయింది. అందరికీ ఒకటే వంటిల్లు, ఒకటే స్నానాలగది. మరుగుదొడ్లు కడిగేది, దుప్పట్లు ఉతికేది, తూముల్లో చిక్కుకున్న వెంట్రుకలు లాగేది నేను. సాయంత్రం పక్కవీధిలోని మా ఇంటికెళ్లి నడుం వాలిస్తే, "రోజంతా ఏం పొడిచావని అంత అలసట?" అనేవాడు క్లైవ్. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా అందుకునేది: "ఇదే పని నేను లిప్‌స్టిక్ చెరక్కుండా చేసేదాన్ని."

అటక మీద కిటికీ లేని కొట్టులో రుమేనియా నుంచి వచ్చిన యోవాన, ఆమె చిన్న కూతురు సోరీనా ఉండేవాళ్లు. పిల్లకు దగ్గు తగ్గేది కాదు. ఓ కిటికీ పెట్టించమని క్లైవ్‌ని అడిగాను. "బయట బోలెడు సముద్రపు గాలి, అదీ ఉచితంగా. వెళ్లి పీల్చుకోమను," అన్నాడు.

అద్దె ఇళ్లు ఎలా ఉన్నాయో చూడటానికి ఊరి కౌన్సిల్ నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసిన రోజు క్లైవ్ అందరినీ పొద్దున్నే బయటికి తరిమేశాడు. పిల్లకు జ్వరమని యోవాన కదల్లేదు. "చప్పుడు వినబడిందో, ఇద్దరూ వీధిలో ఉంటారు," అని కొట్టుకు బయట తాళం వేసి, తాళంచెవుల గుత్తి నా చేతిలో పడేశాడు.

తనిఖీకి వచ్చిన అధికారిణి ఒడుయా గారు ఒక్కో మెట్టే ఎక్కి అటక దాకా వచ్చారు. "ఇక్కడేముంది?"

"మా ఆవిడ కుట్టుగది. ఆడవాళ్ల సంగతి తెలుసుగా, అంతా చిందరవందర," క్లైవ్ నవ్వాడు. "అంతేగా, గ్లెనిస్?"

పెళ్లయిన ఇన్నేళ్లలో నాకంటూ ఒక గది ఉందని అతను చెప్పడం అదే మొదటిసారి. అదీ అబద్ధం! తలుపు వెనక ఒక తల్లి తన పిల్ల నోటిని అరచేత్తో మూసి దగ్గు ఆపుతూ ఉంటుంది. ఇక్కడ నిప్పంటుకుంటే వాళ్లు ఎటు పోతారు? అద్దె కాగితాల మీద నా సంతకమూ ఉంది, నిజం చెబితే నేనూ ఇరుక్కుంటాను. తలూపితే చాలు, అందరం కిందికి దిగి టీ తాగొచ్చు. ఇన్నాళ్లూ తలూపడం తప్ప నేను చేసిందేమిటి?

"నాకు కుట్టడం రాదండీ. లోపల తల్లీకూతుళ్లున్నారు. తాళం వేసింది మేమే," అన్నాను.

"గ్లెనిస్! నీకేమైనా పిచ్చెక్కిందా?"

అప్పటికే తాళం తీసేశాను. చెమటతో తడిసిన పిల్లను ఎత్తుకుని యోవాన వెలుగులోకి వచ్చింది.

అటక ఆ రోజే మూతపడింది. తల్లీకూతుళ్లకు కౌన్సిల్ వేరే ఇల్లు చూపించింది. కోర్టులో నా సంతకం గురించీ దాచకుండా చెప్పాను. నన్ను మందలించి వదిలారు. క్లైవ్‌కి జరిమానా పడింది, ఇంటి అజమాయిషీ అతని చేతుల్లోంచి పోయింది. "కట్టుకున్న మొగుణ్ణి బజారుకీడ్చావు కదే!" అని అత్తగారు శాపనార్థాలు పెడుతుంటే నా బట్టలు సర్దుకుని బయటపడ్డాను. ఇల్లు చూసుకోవడానికి కౌన్సిల్ పెట్టిన సంస్థవాళ్లు, ఇక్కడి పనంతా తెలిసినవాళ్లెవరని అడిగితే అద్దెకున్నవాళ్లంతా నా పేరే చెప్పారట. ఆ పని నాకే ఇచ్చారు. అడ్డచెక్కలు పీకించాను. ఏళ్లతరబడి ఊరికే చేసిన పనికి ఇప్పుడు జీతం తీసుకుంటున్నాను. ఇక్కడే సముద్రం వైపు గదిలో ఉంటూ నేనూ అద్దె కడుతున్నాను.

నిన్న క్లైవ్ వచ్చి తలుపు బాదాడు. నేనే వెళ్లి తీశాను.

"తప్పుకో. ఇది నా ఇల్లు."

"ఇల్లు నీదే క్లైవ్," అన్నాను. "ఉంటున్నది మాత్రం మేము. ఒకరోజు ముందు చెప్పు, మేం సరేనంటే వద్దువుగాని."