ముటింటా విప్పిన బోరింగు

నేను ఒక బోరింగును. పుస్తకాల్లో చేతిపంపు అని రాస్తారు కానీ, నీళ్లకోసం నా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ అంత మర్యాదగా పిలవగా వినలేదు. పుట్టింది హైదరాబాదు శివార్లలో, చర్లపల్లిలోని ఒక రేకుల షెడ్డులో. బతికింది మాత్రం సముద్రం అవతల, ఆఫ్రికాలోని జాంబియా దేశంలో.

షెడ్డులో నా ఒంటికి అతుకులు వేసినవాడు మల్కయ్య అనే వెల్డరు. వేసిన ప్రతి అతుకునూ సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. చప్పుడు బోలుగా ఉంటే మొహమాటం లేకుండా కోసేసి మళ్లీ వేసేవాడు. ఇంతసేపు దేనికని సూపర్‌వైజరు విసుక్కుంటే, తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"ఖరాబైతే అక్కడికెల్లి నన్ను పిలుస్తరా సారూ? ఇక్కడనే సక్కగ చెయ్యాలె."

తరువాత నన్ను కరిగిన జింకులో ముంచి తీశారు. గొట్టాలు, కడ్డీలు, ఇత్తడి సిలిండరు, దానిలో ఆడే తోలు వాషర్లు అన్నీ కలిపి చెక్కపెట్టెల్లో సర్దారు. పెట్టెల మీద నీలిరంగు కాగితం, దాని మీద వలయంగా పన్నెండు నక్షత్రాలు అంటించారు. అది ఐరోపా దేశాల కూటమి గుర్తు. ఆ కూటమికీ, ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలకూ ఒక ఒప్పందం ఉందట. దాని పేరు భాగస్వామ్యం. ఆ భాగస్వామ్యంలో జాంబియా పల్లెలకు తాగునీరు ఒక పని. నిధులు ఐరోపావి, నేల ఆఫ్రికాది, ఇనుము మనది. ఇన్ని దేశాలు కలిస్తే ఒక బిందె నిండుతుందన్నమాట. మనుషులు చిన్న పనికి పెద్ద దారి వెతుక్కుంటారు. అయినా ఆ పని జరిగినందుకు నాకు సంతోషమే.

ఓడలో ఒక నెల, లారీలో తొమ్మిది రోజులు ప్రయాణించి సికాంజే అనే ఊరు చేరాను. టోంగా జాతివాళ్ల ఊరు అది. ఎర్రమట్టి, ముళ్లచెట్లు, జొన్న చేలు, బోలెడన్ని పశువులు. ముప్పై మీటర్ల లోతుకు బోరు వేసి, పది గొట్టాలు ఒకదానికొకటి బిగించి లోపలికి దించి నన్ను నిలబెట్టారు. నా పక్కనే, అవే నక్షత్రాలూ భాగస్వాముల పేర్లూ ఉన్న ఒక రేకు బోర్డు పాతారు. నాకంటే రెండింతలు ఎత్తుంది.

ప్రారంభం రోజున జిల్లా నీటి అధికారి చాంసా గారు ఉపన్యాసం ఇచ్చారు. భాగస్వామ్యం అనే మాట ఆయన నోట పదిహేడుసార్లు వచ్చింది. ఊరిపెద్ద హమైంజా కొత్త టోపీ పెట్టుకుని, నా పిడిని మొదట తానే ఆడించాడు. నీళ్లు పడ్డాయి. ఆడవాళ్లు నోటితో సన్నగా ఈలలాంటి జయధ్వానం చేశారు. ఆ గుంపులో ఒక మూల నిలబడి, నీళ్లను కాక నన్ను చూస్తున్న మనిషి ఒకతె ఉంది. పిడి కిందికి పోతే లోపల ఏది పైకి వస్తుందని పక్కామెను అడిగింది. పక్కామెకు తెలియదు. ఆ అడిగిన మనిషి పేరు ముటింటా. పాతికేళ్లుంటాయి. భర్త రాగి గనుల్లో పనికి ఉత్తరాదికి వెళ్లాడు. చంకలో లూయాండో అనే ఏడాది పిల్ల.

మూడేళ్లు నిక్షేపంగా పనిచేశాను. రోజుకు మూడు వందల బిందెలు. నాలుగో ఏడు ఎండాకాలంలో లోపలి తోలు వాషర్లు అరిగిపోయాయి. యాభైసార్లు కొడితే గాని నీళ్లు పైకి రావు. తరువాత వందసార్లు. ఆ తరువాత ఎన్నిసార్లు కొట్టినా గాలి తప్ప ఏమీ రాలేదు.

వాషర్లు అరచేతిలో పట్టేంత చిన్నవి. మార్చడం పెద్ద విద్య కూడా కాదు. కానీ వాటిని చేరాలంటే పది గొట్టాలనూ పైకి లాగాలి. లాగాలంటే గొట్టం కిందికి జారకుండా పట్టి ఉంచే ఇనుప బిగింపు పట్టీలు, పెద్ద పైపు రెంచీలు కావాలి. ఆ పనిముట్ల పెట్టె అరవై కిలోమీటర్ల దూరాన జిల్లా ఆఫీసులో తాళం వేసి ఉంది. మెకానిక్కు ఒక్కడే, అతని చేతికింద బోరింగులు నూటనలభై. ఊరిపెద్ద రెండు ఉత్తరాలు రాయించాడు. మీ వంతు వచ్చినప్పుడు వస్తామని చాంసా గారు జవాబు పంపారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన జీపు కూడా నాలాగే చెడిపోయి షెడ్డులో ఉంది.

ఊరు మళ్లీ పశువులు దిగే మడుగుకు వెళ్లింది. వానలు మొదలైన పది రోజులకు ఇంటింటా విరేచనాలు పట్టుకున్నాయి. ముటింటా తన పిల్లను వీపున కట్టుకుని పద్దెనిమిది కిలోమీటర్లు నడిచి ఆసుపత్రికి చేర్చింది. పిల్ల బతికింది. ఆ వారంలో ఊళ్లో ఇద్దరు పసివాళ్లు బతకలేదు. తిరిగి వచ్చేటప్పుడు నర్సు తనతో అన్న మాటను ముటింటా నా గట్టు మీద కూర్చుని పక్కింటావిడకు చెప్పింది. మందిచ్చి పంపుతున్నాను గానీ, మళ్లీ ఆ నీళ్లే తాగిస్తే మళ్లీ ఇక్కడికే మోసుకొస్తావు అందట. చెప్పడం అయ్యాక ఆమె ఏడవలేదు. లేచి నా చుట్టూ ఒకసారి తిరిగి, నా తల మీది మూత బోల్టులు ఎన్ని ఉన్నాయో వేలితో లెక్కపెట్టింది.

రెండు నెలల తరువాత కబురొచ్చింది. ఐరోపా నుంచి పరిశీలన బృందం వస్తోంది. పని బాగా జరిగిన ఊళ్లు చూసి, రెండో విడత బోర్లు ఎక్కడెక్కడ వెయ్యాలో నిర్ణయిస్తారు. హమైంజా ఊరివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాడు. పాడైందని చెబితే మనకు జాగ్రత్త లేదంటారు, రెండో బోరు పక్క ఊరికి పోతుంది, కాబట్టి ఎవరూ నోరు విప్పకండి అన్నాడు. నాకు నీలిరంగు వేయించాడు. గట్టు కడిగించాడు. మడుగు నుంచి తెచ్చిన నీళ్లను బట్టతో వడగట్టి, నా పక్కన ఎనిమిది బిందెల్లో నింపి వరసగా పెట్టించాడు. ఇంత అందంగా నేనెప్పుడూ లేను, ఇంత సిగ్గుగానూ ఎప్పుడూ లేను.

బృందానికి పెద్ద గ్రసిందా అనే పోర్చుగీసు ఇంజనీరు. యాభై దాటిన మనిషి, దుమ్ముపట్టిన బూట్లు. బోర్డును ఫోటో తీసింది, నన్ను తీసింది, నిండు బిందెలను చూసి తృప్తిగా ఏదో రాసుకుంది. చాంసా గారు పక్కన నిలబడి అనువదిస్తున్నారు. ఇంకేమైనా చెప్పేవాళ్లున్నారా అని ఆమె మర్యాదకు అడిగింది.

ముటింటా ముందుకొచ్చింది. నా పిడి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. పది, ఇరవై, నలభై. నా గొంతులోంచి పొడిగాలి తప్ప ఏమీ రాలేదు. గ్రసిందా రాయడం ఆపేసింది. హమైంజా ముఖం మాడిపోయింది.

"అయిదు నెలలుగా ఇంతేనమ్మా," అంది ముటింటా. "ఆ బిందెల్లోవి మడుగు నీళ్లు. అవి తాగి ఇద్దరు పిల్లలు పోయారు."

చాంసా గారు ఒక్క క్షణం తటపటాయించారు. తరువాత, ఆయన గౌరవం కోసం ఇది చెప్పాలి, ఒక్క ముక్క మింగకుండా ఉన్నదున్నట్టు అనువదించారు.

గ్రసిందా, వీళ్లకు కొత్త పంపు కావాలేమో అడగమంది.

"వద్దమ్మా. ఇది మంచిదే. దీన్ని విప్పే పనిముట్లు మా ఊళ్లో ఉంచండి. ఎలా విప్పాలో మాకు నేర్పించండి. ఆ బోర్డు మీద మమ్మల్ని భాగస్వాములని రాశారట. భాగస్వాములమైతే మా చేతిలో కూడా ఏదో ఒకటి ఉండాలి కదా."

బృందం వెళ్లిపోయింది. హమైంజా ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఊరికి రావలసిన రెండో బోరు చెడగొట్టిందని కొందరు ఆడవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు. ముటింటా ఊళ్లోని పొయ్యిలన్నీ తిరిగి ఒకటే చెప్పింది, నీళ్లు కాచి తాగండని. తన ఇంట్లో కట్టెలు అయిపోతే ముళ్లకంప కొట్టుకొచ్చేది.

బృందం వెళ్లిన నాలుగో నెలలో జీపు వచ్చింది. జీపులో మెకానిక్కు, పనిముట్ల పెట్టె, చాంసా గారు. ఊరికి నలుగురికి నేర్పమని పై నుంచి ఉత్తర్వు. మెకానిక్కు మగవాళ్లను రమ్మన్నాడు. ముగ్గురు వచ్చారు, గొట్టం బరువు చూసి ఇద్దరు వెళ్లిపోయారు. ఎండాకాలం రాగానే మూడోవాడు కూడా పని వెతుక్కుంటూ పట్నం పోతాడని అందరికీ తెలుసు. ముటింటా, ఆమె వెనక మరో ముగ్గురు ఆడవాళ్లు నిలబడ్డారు. మేమెక్కడికీ పోము, మాకు నేర్పండి అన్నారు. నేర్పాడు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు, పెట్టె వాళ్లకు అప్పగించి సాయంత్రానికి వెళ్లిపోయాడు. నూటముప్పై తొమ్మిది బోరింగులు అతనికోసం కాచుకుని ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే నన్ను విప్పారు. నా తల తీసి గడ్డిలో పెట్టారు. వాళ్లు పిలుచుకొచ్చినవాళ్లతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్లు తాడు పట్టి ఒక్కో గొట్టం లాగుతుంటే, ముటింటా కింద పట్టీ బిగిస్తూ, రెంచితో అతుకులు విప్పుతూ వచ్చింది. నాలుగు గొట్టాలు పైకొచ్చాయి. అయిదో దాని దగ్గర చెమటకు చెయ్యి జారి పట్టీ వదులైంది. మిగిలిన ఆరు గొట్టాలూ, వాటి చివర సిలిండరూ, నా గుండెకాయంతా, ఒక్కసారిగా బోరులోకి జారిపోయాయి. అడుగున పడిన చప్పుడు ఊరంతా వినిపించింది.

అప్పుడు హమైంజా వచ్చాడు. తిడతాడనుకున్నాను. బోరులోకి తొంగిచూసి, పోయింది, మట్టి కప్పేయండి అన్నాడు. ఆ మాట తిట్టుకంటే బరువుగా పడింది.

"కప్పెయ్యం పెద్దయ్యా," అంది ముటింటా. "పడింది ఎక్కడికీ పోలేదు, కిందే ఉంది."

ఊరి కమ్మరి దగ్గరికి వెళ్లి, గొట్టం లోపలి కొలత పుల్ల మీద గీసి చూపించింది. చేప గాలానికి ములుకులుంటాయే, అలాంటివి రెండు ఒక కడ్డీకి చెయ్యమంది. లోపలికి పోయేటప్పుడు ముడుచుకోవాలి, పైకి లాగితే విచ్చుకుని పట్టుకోవాలి. మొదటిది వంగిపోయింది. రెండోది గొట్టం నోట్లోకి దూరలేదు. ఆరు రోజులు, అయిదు కొక్కేలు. రోజూ పొద్దున వంట ముగించుకుని ఆ ఎనిమిది మందీ వచ్చి కొక్కెం కట్టిన తాడు బోరులోకి దించేవారు, చీకటి పడకముందే ఖాళీ తాడు చుట్టుకుని ఇళ్లకు పోయేవారు. అయిదో రోజు ఆరుగురే వచ్చారు.

ఆరో రోజు తాడు బిగుసుకుంది. ముటింటా తాడును చేత్తో నిమిరి, కాస్త ఊపి చూసి, లాగండి అంది. ఆరుగురూ లాగారు. కదిలింది, ఆగిపోయింది. బరువు వాళ్ల వల్ల కావడం లేదు, మడమలు మట్టిలో జారుతున్నాయి. అప్పుడు వెనకనుంచి ఒక ముసలి చెయ్యి తాడు అందుకుంది. హమైంజా. టోపీ తీసి కింద పెట్టి, తాడు నడుముకు చుట్టుకున్నాడు. ఆయన లాగుతుంటే చూస్తూ నిలబడ్డ మగవాళ్లకు ఇక నిలబడటం కుదరలేదు.

నా గుండె పైకొచ్చింది. పనిముట్ల పెట్టెలో వచ్చిన కొత్త వాషర్లు వేశారు. పది గొట్టాలూ ఒక్కొక్కటిగా బిగించి దించారు, ఈసారి రెండు పట్టీలు పెట్టి, చేతులకు బూడిద రాసుకుని. పన్నెండుసార్లు కొట్టేసరికి ఎర్రటి నీళ్లు, ముప్పైకి తేటనీళ్లు. మొదటి దోసెడు లూయాండో తాగింది. ముటింటా నా గట్టు మీద కూలబడి, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

ఆ తరువాత పద్దెనిమిదేళ్లు ఆ ఊరికి నీళ్లిచ్చాను. ఎన్నోసార్లు చెడిపోయాను గానీ, ఎప్పుడూ మూడు రోజులకు మించి ఆగలేదు. ముటింటా బృందం పెట్టె నెత్తిన పెట్టుకుని పక్క ఊళ్లకు నడిచి వెళ్లి బోరింగులు బాగుచేసేది. జిల్లా ఆఫీసువాళ్లే ఆమె దగ్గరికి మనుషులను నేర్చుకోవడానికి పంపడం మొదలుపెట్టారు. రెండో విడత బోరు కూడా వచ్చింది, దానితోపాటు రెండో పనిముట్ల పెట్టె వచ్చింది. గాలివానకు బోర్డు విరిగి పడితే, దాని రేకును ఎవరో కోళ్లగూడుకు వేసుకున్నారు. నక్షత్రాల కింద కోళ్లు సుఖంగా పొదుగుతున్నాయి.

ఇప్పుడు ఆ బోరు మీద సౌరవిద్యుత్తు పంపు ఉంది. నన్ను తుక్కుకు వెయ్యలేదు. జిల్లా శిక్షణ కేంద్రం ఆవరణలో, ఒక సిమెంటు తొట్టె మీద బిగించారు. వారానికి రెండుసార్లు విప్పుతారు, రెండుసార్లు బిగిస్తారు. జాంబియావాళ్లే కాదు, మలావీ నుంచి వస్తారు, హైతీ నుంచి వచ్చారు, పసిఫిక్ దీవుల నుంచి కూడా వచ్చారు. ఒప్పందంలో చాలా దేశాలున్నాయని విన్నాను గానీ, అవి ఇలా ఒకరి చేతికి గ్రీజు ఒకరు అంటించుకుంటూ ఒకచోట కూర్చుంటాయని ఊహించలేదు. నా బోల్టుల అంచులు అరిగి గుండ్రబడ్డాయి. దాహం తీర్చే పని లేదు. తప్పులు చేయించుకోవడమే ఇప్పుడు నా పని. ఇదీ తక్కువదేం కాదు.

నిన్న వనువాతు దీవుల నుంచి వచ్చిన ఒక అమ్మాయి నన్ను మొత్తం బిగించింది. వాషరు తిరగేసి పెట్టింది. ముటింటా కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంది, జుట్టు నెరిసింది, కళ్లు మాత్రం పాతవే. తప్పు తెలిసీ ఒక్క మాట అనలేదు. ఆ అమ్మాయి చివరి బోల్టు బిగించి, పిడి పట్టుకుని ఇరవైసార్లు కొట్టింది. గాలి. చెమట తుడుచుకుని బెదురుగా ముటింటా వైపు చూసింది.

ముటింటా లేచి వచ్చి, పెద్ద రెంచిని తీసి ఆమె చేతిలో పెట్టింది.

"విప్పు తల్లీ. పొద్దు ఇంకా చాలా ఉంది."