రెండో మోతాదు గడి

కైజాగే కొత్త పట్టికలో మూడో నిలువు గీతను కూడా రబ్బరుతో చెరిపేశాడు. గీతలు ఎక్కువైతే కన్ను గీతల్నే చూస్తుంది, అంకెను చూడదు. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆయన చెప్పే మాట అదే. కళ్లజోడుకు ఒకవైపు కాడ లేదు, దారం కట్టుకున్నాడు. సరస్సు ఒడ్డునున్న ఈ ఆసుపత్రి గోడల మీద టీకాల పట్టిక నుంచి పురుళ్ల పట్టిక దాకా అన్నీ ఆయన చేతివే. చూసినవాళ్లు రెండోసారి అడగకూడదు, అంతే ఆయన పంతం.

పోయిన వారం ఆ పరువు కాస్తా గంగలో కలిసింది. దారెస్సలాంలో అచ్చైన కాగితం చూసి పిల్లల మలేరియా మందు పట్టికను అందంగా దించాడు. రెండో మోతాదు గడిలో అక్కడున్నట్టే 4 వేశాడు. కాగితం ఉద్దేశం మీ గడియారం లెక్కన సాయంత్రం నాలుగు. ఇక్కడ మా గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మా నాలుగో గంట అంటే మీ పొద్దున్న పది. మీ ఎనిమిదింటికి మొదటి మోతాదు వేయించుకెళ్లిన ఓ తల్లి, పట్టికలో చూసిన ప్రకారం రెండు గంటలకే రెండోదీ మింగించింది. పిల్ల వాంతులతో రెండు రోజులు అవస్థపడి, ఎలాగో బతికి బట్టకట్టింది.

"ఇవాళ మీకు ఆఖరి రోజు పెద్దాయనా. సాయంత్రం ఓడెక్కాలి. సోమవారం కొత్తమ్మాయి వస్తోందిగా, దిద్దుకుంటుందిలెండి," అంది నర్సు కొకుగొంజా.

"తప్పు నాదీ, దిద్దేది ఆవిడా? బాగుందమ్మా నీ న్యాయం!"

"పుట్టినప్పట్నుంచీ మన గంటలే కదా, అలా ఎలా రాశారసలు?"

"గీత వంకరపోకుండా చూసుకున్నా తల్లీ. చదివేవాళ్ల మొహం చూళ్లేదు."

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. పిల్లల బరువుల వరసల మధ్య జాగా వదిలాడు. రెండో మోతాదు గడిలో పెద్దగా 10 వేసి, పక్కన పడమటికి వాలిన సూర్యుణ్ణి గీశాడు.

మధ్యాహ్నం ఆ తల్లే పిల్లను చూపించడానికి వచ్చింది. కైజాగే ఆమెను తన గదికి పిలిచి, పట్టిక ముందు నిలబెట్టాడు.

"రెండోది... ఎప్పుడెయ్యాలమ్మా?"

ఆమె వేలు వరస వెంట సాగి ఆగింది. "పదో గంటకి. మేకల్ని ఇంటికి తోలే వేళ. ఇదేదో మొదటే ఇలా రాసుంటే మీ సొమ్మేం పోయేది?"

"తప్పు నాదేనమ్మా," అన్నాడు.

ఆమె పిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆయన పట్టికను మందుల గది గోడకు అంటించి, మళ్లీ తన గదికి వచ్చి కాసేపు ఏదో సర్దాడు. తర్వాత గొడుగు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా రేవుకు నడిచాడు.

సోమవారం కొత్తమ్మాయి వచ్చి ఆయన గది తలుపు తీసింది. ఎప్పుడూ ఒక్క కుర్చీయే ఉండే ఆ గదిలో, బల్లకు ఇవతల ఇంకో కుర్చీ వేసి ఉంది. దాని మీద చిన్న చీటీ: "చదివేవాళ్లకు."